కీళ్లవాతానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న ల్యాబ్‌లో 22 ఏళ్లుగా రక్తం తీస్తున్నాను. కీళ్ల నొప్పులతో వచ్చేవాళ్ల చీటీల మీద ఎప్పుడూ అవే మూడు రక్తపరీక్షలు: ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్‌ఆర్, యూరిక్ యాసిడ్, కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్. కీళ్లవాతాన్నే పట్టే మరో రక్తపరీక్ష యాంటీ సీసీపీ. అది రాసిన చీటీ నెలకొకటి కనబడితే గొప్ప. ఆ నాలుగో పరీక్ష గురించే ఈ ఉత్తరం.

నాలుగేళ్ల కిందట మా అక్క పొద్దున్నే పాలప్యాకెట్ చింపలేక పళ్లతో కొరికేది. తడిబట్ట పిండటం మానేసింది. వేళ్ల కణుపులు వాచి గాజులు దిగేవి కావు. పది దాటితే చేతులు కాస్త వదులయ్యేవి, పనిలో పడిపోయేది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నేనే చేశాను. నెగెటివ్. చూసిన డాక్టరు గారు వయసు ప్రభావమన్నారు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఎప్పుడో వచ్చిన చికున్‌గున్యా మీద నెపం వేసి బిళ్లలిచ్చాడు. రెండు రోజుల్లో నొప్పి మాయం! అవి స్టెరాయిడ్లని ఆమె మొహం ఉబ్బాక గానీ నాకు తట్టలేదు. ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడుండి కూడా ఏడాదిన్నర పోయింది. విశాఖ తీసుకెళ్లి యాంటీ సీసీపీ చేయిస్తే పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మన రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద పడే కీళ్లవాతం. అప్పటికే రెండు వేళ్లు పక్కకు వంగాయి. మందులతో వాపు తగ్గింది, వంగిన వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ప్రోటీన్లంటే అమైనో ఆమ్లాలు గుచ్చిన దండలు. అందులో ఆర్జినైన్ అనే పూసను ప్యాడ్ అనే ఎంజైములు సిట్రులిన్‌గా మార్చేస్తాయి. అదేమీ జబ్బు కాదు. చర్మం పైపొర తయారవడానికి ఆ మార్పు కావాలి. తెల్లకణాలు తమ డీఎన్‌ఏనే వలలా విసిరి సూక్ష్మజీవుల్ని పట్టడంలోనూ దాని చెయ్యి ఉంది. అయితే కొందరి ఒంట్లో రక్షణ వ్యవస్థ ఈ మారిన ప్రోటీన్‌ను పరాయిదనుకుని యాంటీబాడీలు తయారు చేస్తుంది. యాంటీ సీసీపీ పరీక్ష పట్టుకునేది వాటినే. వాటి గురి సిట్రులిన్ మీదేనని 1998లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. 2010లో అమెరికా, యూరప్ కీళ్లవైద్య సంఘాలు ఈ జబ్బును గుర్తించడానికి ఉమ్మడిగా పెట్టిన ప్రమాణాల్లో ఈ పరీక్షకూ మార్కులున్నాయి. కొందరిలో ఈ యాంటీబాడీలు నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి.

సిట్రులిన్‌ను మొదట పుచ్చకాయ రసంలోంచి తీశారు, పేరూ ఆ కాయ లాటిన్ పేరు నుంచే వచ్చింది. ఈ మాట చెప్పిన పాపానికి మా అక్క ఆ వేసవంతా పుచ్చకాయ ముట్టలేదు. కాయలోని సిట్రులిన్‌కీ ఈ జబ్బుకీ సంబంధం లేదు, నిక్షేపంగా తినొచ్చు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ పనికిరాదని నేననడం లేదు. కానీ అది హెపటైటిస్-సి ఉన్నా, క్షయ ఉన్నా, ఒక్కోసారి ఒట్టి ముసలితనానికే పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అంత తేలిగ్గా మోసం చేయదు. అలాగని అది నెగెటివ్ వస్తే జబ్బు లేదనీ కాదు. ఈ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి అదీ నెగెటివే. చేతులు పట్టి చూసే డాక్టరు ఎలాగూ కావాలి.

మా ల్యాబ్‌లో ఈ పరీక్ష చేయం, శాంపిల్ బయటికి పంపుతాం. ఖర్చు వెయ్యికి అటూ ఇటూ. జీడిపప్పు ఒలిచే ఆడమనిషికి అది ఎన్ని రోజుల కూలో లెక్కేసుకోండి. మోకాలు నొప్పన్న ప్రతివాళ్లకీ చేయమని అడగడం లేదు. వేళ్ల కణుపులో మణికట్లో వాచి ఆరు వారాలు దాటినవాళ్లకి, పొద్దున బిగుసుకుపోవడం అరగంటకు పైగా ఉండేవాళ్లకి చేస్తే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపి ఉచితంగా చేయించే ఏర్పాటు ఉండాలి.

మా తీరప్రాంతంలో ఇంకో సంగతుంది. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లు కొందరు అడ్డచుట్ట కాలుస్తారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. అయితే పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో సిట్రులిన్ మార్పు ఎక్కువని, యాంటీబాడీలకు అది తోడవుతుందని కూడా పరిశోధనలున్నాయి. చిగుళ్లను పాడుచేసే పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర ఈ మార్పు చేసే సొంత ఎంజైమే ఉంది, అందుకే దాని మీదా అనుమానం ఉంది. అయినా కీళ్ల నొప్పితో వచ్చిన మనిషిని చుట్ట సంగతి, చిగుళ్ల సంగతి అడగడం నేనింతవరకూ వినలేదు.

బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ వచ్చే సిబ్బంది చేతిలో ఇప్పటికే ఒక ఫారం ఉంటుంది. అందులో ఇంకో వరుస చేర్చమని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను: "పొద్దున లేవగానే గుప్పెట మూయగలుగుతున్నావా అమ్మా?"

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
శ్రీకాకుళం జిల్లా