గది అడిగితే మగదిక్కు అడుగుతున్నారు

సంపాదకులకు,

పరకాల వైపు మిర్చి కల్లాల్లో రంగు పోయిన తాలుకాయ ఏరే కూలికి వెళ్తాను. అదే కుప్ప దగ్గర అదే పని చేసే మగవారికన్నా నా కూలి తక్కువ. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందట. కల్లం దాకా మాత్రం రాలేదు.

కాశీబుగ్గలో అద్దె గదికి తిరిగితే ప్రతి గుమ్మంలో మొదటి ప్రశ్న, "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" లేడంటే, గది అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉంటారు! చివరికి దొరికిన రేకుల గదికి లోపలి గడియ లేదు. తలుపుకు రోలు అడ్డం పెట్టి పడుకుంటున్నాం, నేనూ నా కూతురూ.

ఇందిరమ్మ ఇల్లు మహిళ పేరిట ఇవ్వడం మంచిదే. కానీ ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఆ అయిదు లక్షలు ముందుగా సొంత జాగా ఉన్నవారికే. జాగా లేని ఒంటరి మహిళల దరఖాస్తులు విడిగా, ముందుగా చూడాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక కూలి మహిళ, వరంగల్