గాలిమరలకూ పర్యావరణ అనుమతి పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గాలి కరెంటు వద్దని నేననను, బొగ్గు పొగ కంటే నయమే. కానీ 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన ప్రాజెక్టుల జాబితాలో గాలిమరలు లేవు, అంటే అటవీ భూమి కాకపోతే మన తీరంలో రేపు వరసగా టవర్లు పాతినా పక్షుల సంగతేంటని ముందుగా అడిగే నాథుడు ఉండడు. నేలపట్టు పక్షుల అభయారణ్యం 2022లో మన నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, అక్కడి గూడబాతులు (పెలికాన్లు) జిల్లా గీతలు చూసుకుని ఎగరవు కదా. ఎండకు లేచే వేడిగాలి పట్టుకుని రెక్కలు ఆడించకుండానే చుట్లు తిరుగుతూ పైకెళ్తాయి, చేపల కోసం చాలా దూరం పోతాయి. అంత బరువైన పక్షి, తీగ దగ్గరకొచ్చాక చటుక్కున పక్కకి తిరగలేదు. నాకు గాలిమరల కంటే వాటి నుంచి సబ్‌స్టేషన్‌కి లాగే హైటెన్షన్ లైన్లంటేనే ఎక్కువ భయం. అంతరించిపోతున్న బట్టమేక పిట్టల కోసం 2021లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నదీ ఈ తీగల మీదే.

నార్వేలోని స్మోలా గాలిమరల కేంద్రంలో ఒక్కో గాలిమరకి ఒక్క రెక్క నల్లరంగు వేస్తే పక్షుల చావులు 70 శాతం దాకా తగ్గాయి. ఇక్కడా చేయొచ్చు. అంతకంటే ముందు, పులికాట్ సరస్సు, నేలపట్టు చుట్టుపక్కల టవర్ పాతాలంటే అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షుల రాకపోకలు గమనించి తీరాలి, గూళ్ళ దగ్గరి లైన్లు భూమిలో వేయాలి. నోటిఫికేషన్ మార్చాల్సింది కేంద్రం, అడగాల్సింది మన ఎంపీలు.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా