ఇరవై రెండు మెట్లు

కాకినాడ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్,

కొత్తింట్లో లైట్లూ మోటారూ అన్నీ ఫోన్లోంచే నడిచేలా పెట్టించుకుంటానని రాశావు కదా. తప్పకుండా పెట్టించు. కానీ ఈ నాలుగు నెలల్లో మా ఇంట్లో ఏం జరిగిందో ముందు విను.

నేను మొదలుపెట్టింది లైట్ల కోసం కాదు. అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. అయినా మోటారు వేసి, ట్యాంకు నిండిందా లేదా అని డాబా ఎక్కి చూసొచ్చేది. ఇరవై రెండు మెట్లు. వద్దంటే వినదు, నీళ్ళు వృథాగా పోతే ఆవిడకి మనసొప్పదు. ఆ మెట్లు మాన్పించాలని పట్టుబట్టాను.

హోమ్ అసిస్టెంట్ అని, ఇంట్లో వస్తువుల్ని నడిపించే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, 2013లో మొదలైంది. దాన్ని రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్లో ఎక్కించాను. ఇంటర్నెట్ పోయినా ఇంట్లో పని ఆగదు. ట్యాంకులో నీళ్ళ మీద తేలే ఫ్లోట్ స్విచ్చి, దానికో జిగ్బీ సెన్సార్ (జిగ్బీ అంటే ఇంట్లో పరికరాలు వైరు లేకుండా మాట్లాడుకునే రేడియో పద్ధతి), కింద మోటారుకి రిలే, అంటే కంప్యూటర్ చెబితే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, మోటారుని నేరుగా చిన్న రిలేకి తగిలించొద్దు. స్టార్టయ్యేటప్పుడు అది మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు. మధ్యలో కాంటాక్టర్, అంటే ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద రిలే, పెట్టించు. పాత స్విచ్చిని కూడా తీయించకు.

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఓ రాత్రి మోటారు తిరుగుతుండగా కరెంటు పోయింది. మళ్ళీ రాగానే రిలే తనంతట తనే ఆన్ అయింది. పోయేముందు ఎలా ఉందో అలాగే మొదలయ్యే సెట్టింగు అది. దాన్ని ఆపాల్సిన కంప్యూటరేమో లేవనే లేదు, మెమరీ కార్డు పాడైపోయింది. తెల్లారేసరికి కరివేపాకు చెట్టు మొదట్లో మడుగు, పక్కింటి గోడ సగం దాకా తడిసి నల్లగా ఉంది. అమ్మ ఒక్క మాట అనలేదు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కింది. అది చూశాక నాకు అన్నం సహించలేదురా.

ఆ రోజే, కరెంటు వచ్చినా రిలే ఆఫ్‌లోనే ఉండేలా మార్చాను. కంప్యూటర్‌తో సంబంధం లేకుండా 25 నిమిషాలకి దానంతటదే కట్టయ్యే టైమర్ కూడా రిలేలోనే పెట్టాను. కార్డు తీసేసి, దాని బదులు డేటా దాచుకునే ఎస్ఎస్‌డీ వేశాను, చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఎస్ఎస్‌డీ వేసిన దగ్గర్నించీ ట్యాంకు సెన్సార్ గంటకోసారి మాయం. బ్యాటరీ మార్చాను. మళ్ళీ జత చేశాను. వైఫై ఛానల్ మార్చాను. మూడు రోజులు అదే పని. చివరికి తేలిందేంటంటే, సెన్సార్ కబుర్లు అందుకునే జిగ్బీ డాంగిల్‌ని ఎస్ఎస్‌డీ పక్కనే, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చాను. ఆ పోర్టు పనిచేస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. జిగ్బీ మాట్లాడుకునేదీ అక్కడే! మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ని నల్లటి యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చి, దూరంగా గోడ మేకుకి వేలాడదీశాను. పది నిమిషాల్లో సెన్సార్ తిరిగొచ్చింది. మెట్ల మలుపులో ఒక జిగ్బీ ప్లగ్గు కూడా పెట్టాను. కరెంటు మీద నడిచే ప్లగ్గులు సిగ్నల్ని అందుకుని ముందుకి పంపుతాయి, బ్యాటరీ సెన్సార్లు పంపవు. అప్పటినుంచి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు ట్యాంకు నిండగానే హాల్లో లైటు రెండుసార్లు ఆరి వెలుగుతుంది. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అటోసారి చూసి, మళ్ళీ తన పనిలో పడిపోతుంది. మెట్లెక్కి నెలన్నర అయింది.

లైట్ల జోలికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. మా పాతింటి స్విచ్‌బోర్డుల్లో న్యూట్రల్ వైరు లేదు. అది లేకుండా నడిచే స్మార్ట్ స్విచ్చిలు ఆఫ్‌లో ఉన్నా బల్బుగుండానే కాస్త కరెంటు పంపిస్తాయి, దాంతో ఎల్ఈడీలు మిణుకుమిణుకుమంటాయి. నీకా ఇబ్బంది రాకూడదు. గోడలు పూసేలోగా ప్రతి బోర్డులోకీ న్యూట్రల్ లాగమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పు. పూత మొదలైందా? ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి.

నీ
గోదారి గట్టు నేస్తం