షిప్పు ఎక్కాక ఫోన్ ఇటుకరాయే

ఎడిటర్ గారికి నమస్కారం,

వైజాగ్ పోర్టులో 2023లో క్రూయిజ్ (విహార నౌకల) టెర్మినల్ ఓపెన్ చేశారు, బానే ఉంది, మరి షిప్పు లోపలి సంగతి ఎవరు చూస్తారండీ. మొన్నామధ్య అమ్మానాన్నలతో ఒక క్రూయిజ్ ఎక్కాం (పేరెందుకులెండి), ఒడ్డు కనపడకుండా పోగానే సిగ్నల్ పోయింది, డబ్బులు కట్టి వైఫై కొంటే వాట్సాప్‌లో ఒక్క ఫొటో వెళ్ళేలోపు చేతిలో టీ చల్లారిపోయింది. పాత శాటిలైట్లు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, స్టార్‌లింక్ అనే కొత్తరకం శాటిలైట్ ఇంటర్నెట్‌వి సుమారు 550లోనే, అందుకే స్పీడులో అంత తేడా. రాయల్ కరీబియన్ అనే విదేశీ క్రూయిజ్ కంపెనీ వాళ్ళు 2022లోనే తమ షిప్పుల్లో స్టార్‌లింక్ పెట్టిస్తామని చెప్పేశారు, మనకెప్పుడో.

ఇంకోటి, నాన్నగారు మా కేబిన్ ఏ డెక్‌లో (అంతస్తులో) ఉందో మర్చిపోయి గంటసేపు తిరిగారు, మాకు గుండె ఆగినంత పనైంది. ప్రిన్సెస్ అనే ఇంకో విదేశీ కంపెనీ షిప్పుల్లో బిళ్ళలాంటిది ఒకటి ఇస్తారు, జేబులో ఉంటే కేబిన్ తలుపు తెరుచుకుంటుంది, మనవాళ్ళు ఎక్కడున్నారో ఫోన్‌లో కనపడుతుంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి అదొక్కటి చాలు. కేబిన్‌కి ఒకే ప్లగ్గు, నలుగురం పోట్లాడుకున్నాం, సర్లెండి.

అన్నిటికన్నా ముఖ్యం లైఫ్ జాకెట్ డ్రిల్. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వైజాగ్‌లో ఎక్కించుకునే షిప్పులో ఆ డ్రిల్ గురించి ఒక వీడియో తెలుగులో ఫోన్‌కి పంపితే ఏం పోయింది?

— ఒక ప్రయాణికుడు, విశాఖపట్నం