లాహోర్ దాడిపై అడగవలసిన ప్రశ్నలు

సంపాదకుల వారికి నమస్కారం.

లాహోర్‌లో 2009 మార్చి 3న శ్రీలంక క్రికెట్ జట్టుపై జరిగిన దాడి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, పాకిస్థాన్ అధికారులే ముష్కరులతో కుమ్మక్కయ్యారని కొందరు తేల్చేస్తారు; ఆ అనుమానమే కేవలం ద్వేషమని మరికొందరు కొట్టిపారేస్తారు. ఆ అనుమానానికి ఆధారాలున్నాయని, దాన్ని నేరంగా నిరూపించే సాక్ష్యం మాత్రం ఇంతవరకు బయటికి రాలేదని నేను భావిస్తున్నాను. ఈ రెంటినీ కలిపేయడం వల్ల అసలు అడగవలసిన ప్రశ్నలు మరుగున పడుతున్నాయి.

2008 నవంబరులో ముంబై దాడుల తర్వాత భారత జట్టు పాకిస్థాన్ పర్యటన మానుకోగా, ఆ స్థానంలో ఆడేందుకు శ్రీలంక ముందుకు వచ్చింది. అలా సాయానికి వచ్చిన జట్టు రెండో టెస్టు మూడో రోజు ఉదయం గడాఫీ స్టేడియానికి వెళుతుండగా, లిబర్టీ చౌక్ వద్ద పన్నెండు మంది వరకు సాయుధులు తుపాకులతో, గ్రెనేడ్లతో, రాకెట్ లాంచర్లతో విరుచుకుపడ్డారు. ఆరుగురు పోలీసులు, ఇద్దరు పౌరులు చనిపోయారు. అదే టెస్టులో 214 పరుగులు చేసిన తిలన్ సమరవీర తొడలోకి తూటా దూసుకుపోయింది. డ్రైవర్ మెహర్ మహమ్మద్ ఖలీల్ బస్సును ఆపకుండా స్టేడియంలోకి తీసుకుపోకపోతే ఎంత మంది బతికేవారో చెప్పలేం.

బస్సు వెనుక అంపైర్ల వ్యాన్ వస్తోంది. దాని డ్రైవర్ మరణించాడు; రిజర్వ్ అంపైర్ అహ్సన్ రజా తీవ్రంగా గాయపడ్డాడు. దేశాధ్యక్షులకిచ్చే స్థాయి భద్రత కల్పిస్తామన్న హామీ తీరా అవసరమైన వేళ కనిపించకుండా పోయిందని, ఆ వ్యాన్‌లోనే ఉన్న మ్యాచ్ రిఫరీ క్రిస్ బ్రాడ్ బహిరంగంగా ఆరోపించారు. అది పచ్చి అబద్ధమని పాకిస్థాన్ బోర్డు అధ్యక్షుడు ఇజాజ్ భట్ ఖండించారు. మొదటి రెండు రోజులూ కలిసి బయలుదేరిన రెండు జట్ల బస్సులు ఆ రోజు విడివిడిగా ఎందుకు వెళ్లాయని కూడా బ్రాడ్ ప్రశ్నించారు. అయితే కరాచీ టెస్టులోనూ కొన్నిసార్లు శ్రీలంక జట్టు ముందుగా వెళ్లిందని చెప్పినది కూడా ఆయనే. కుమ్మక్కు ఖాయమని రాసేవారు ఈ రెండో మాటను వదిలేయడం న్యాయం కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బస్సుల సంగతి కాదు. శ్రీలంక జట్టుపై, ముఖ్యంగా హోటల్, స్టేడియం మధ్య ప్రయాణంలో, దాడి జరగవచ్చని పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్ర పోలీసు నిఘా విభాగం జనవరి 22ననే లిఖితపూర్వకంగా హెచ్చరించింది. ఆ లేఖ కుట్రను భారత గూఢచార సంస్థ ‘రా’కు అంటగట్టింది కనుక మన దగ్గర చాలామంది దాన్ని చదవకుండానే పక్కన పెట్టారు. కానీ శత్రువు ఎవరన్న ఊహ తప్పయినా, దాడి ఎక్కడ జరగవచ్చన్న అంచనా నిజమైంది. ఆ హెచ్చరిక అందిన తర్వాత దారిలో భద్రత ఏ మేరకు మారింది? ఫిబ్రవరి 25న ఆ రాష్ట్రంలో షాబాజ్ షరీఫ్ ప్రభుత్వాన్ని తొలగించి గవర్నర్ పాలన విధించారు. ఆ వెంటనే జరిగిన పోలీసు ఉన్నతాధికారుల బదిలీల్లో ఆ లేఖ బాధ్యత ఎవరి మీద నిలిచింది? పట్టపగలు, పెద్ద నగరం నడిబొడ్డున, కాల్పులు జరిపినవారిలో ఒక్కరైనా అక్కడికక్కడే చిక్కకుండా ఎలా తప్పించుకున్నారు? ఇవి నిర్లక్ష్యానికి గుర్తులు కావచ్చు, అంతకు మించినవీ కావచ్చు. ఉత్తర్వులు, విధుల పట్టికలు, వైర్‌లెస్ సంభాషణలు బయటపెడితే తప్ప ఏదీ తేలదు.

దర్యాప్తు సాగిన తీరు కూడా అనుమానాన్ని పెంచింది. సూత్రధారిగా ఆరోపణ ఎదుర్కొన్న, లష్కరే జంగ్వీ అనే పాకిస్థాన్ ఉగ్రవాద సంస్థ నాయకుడు మాలిక్ ఇషాక్ దాడి నాటికి జైల్లోనే ఉన్నాడు. జైలు నుంచే పథకం నడిపాడన్న ఆరోపణ నిజమైతే, జైలు సిబ్బందిలో ఎవరి సాయం లేకుండా అది ఎలా సాధ్యమైందో చెప్పాలి. 2011లో బెయిలుపై విడుదలైన అతడు 2015లో పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. అతడి మీద నాకు ఏ జాలీ లేదు. కానీ తనకు లోపలి మనుషులెవరైనా సహకరించారా అని అతడిని న్యాయస్థానంలో ప్రశ్నించే అవకాశం శాశ్వతంగా పోయింది.

తమ ప్రాణాలొడ్డి అతిథులను కాపాడిన ఆరుగురు పోలీసులను, వారి పై అధికారులపై ఉన్న అనుమానంతో ఒకే గాటన కట్టకూడదు. నిజం తెలుసుకునే హక్కు అందరికన్నా ముందు వారి కుటుంబాలదే. 2019 డిసెంబరులో రావల్పిండిలో శ్రీలంకతోనే పాకిస్థాన్‌లో టెస్టు క్రికెట్ మళ్లీ మొదలైంది. ఆటను పునరుద్ధరించడానికి చూపిన పట్టుదలను అంతర్జాతీయ క్రికెట్ మండలి ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టడంలోనూ చూపవలసింది. ఆతిథ్య దేశం ఏదైనా సరే, మన దేశమైనా సరే, జట్టుపై దాడి జరిగితే ఆ దేశ ప్రభుత్వంతో సంబంధం లేని విచారణకు అంగీకరించి, నివేదికను ప్రజల ముందు పెట్టాలన్న షరతును పర్యటన ఒప్పందాల్లోనే చేర్చాలి. మీ పత్రిక ఈ డిమాండును భారత బోర్డు ముందుంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి