కన్ను ముందుకు వస్తే స్కాన్ తప్పనిసరి

సంపాదకులకు నమస్కారం.

ఒక కన్ను నొప్పి గానీ ఎరుపు గానీ లేకుండా నెలల తరబడి కొద్దికొద్దిగా ముందుకు వస్తున్నవారిని మన ఉత్తరాంధ్రలో తరచుగా థైరాయిడ్ పరీక్షతో, కళ్లద్దాల మార్పుతో సరిపెట్టి పంపుతున్నారు. పెద్దవారిలో ఇందుకు థైరాయిడ్ జబ్బే అతి సాధారణ కారణం, అది ఒక్క కంటికే కనబడవచ్చు కూడా. కాబట్టి ఆ పరీక్ష అవసరమే. అది సవ్యంగా ఉందని తేలాక కూడా స్కాన్ రాయకపోవడమే నాకు బాధ కలిగిస్తోంది. రెండు కళ్లు ముందుకు వచ్చిన కొలతలో 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే కారణం వెతకాల్సిందే. ఆధార్ కార్డు ఫొటోనో, పెళ్లి ఫొటోనో పక్కన పెట్టుకుని చూసినా మార్పు ఎప్పటినుంచో అంచనాకు వస్తుంది.

పెద్దవారి కంటి గుంట ఘనపరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లే కనుక, క్యాన్సర్ కాని గడ్డ కూడా దృష్టి నాడిని నొక్కి చూపు పోగొట్టగలదు. మధ్యవయస్కుల్లో ఎక్కువగా కనిపించే కావెర్నస్ హిమాంజియోమా (రక్తనాళాల గడ్డ), అరుదుగా వచ్చే ష్వానోమా (నరం పొర గడ్డ), సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ (పీచు కణజాల గడ్డ) మూడూ స్కాన్‌లో నున్నని అంచులతో ఒకేలా కనబడవచ్చు. స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు చిన్న చుక్కలా మొదలై క్రమంగా గడ్డంతా పాకితే హిమాంజియోమా అని అనుమానించవచ్చు గానీ, తుది మాట గడ్డ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసే పాథాలజీదే. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌ను తేల్చడానికి స్టాట్6 అనే ప్రోటీన్‌ను కణాల్లో వెతికే పరీక్ష ఎంతో ఉపకరిస్తుంది.

కన్నీటి గ్రంథిలో వచ్చే ప్లియోమార్ఫిక్ అడెనోమా అనే క్యాన్సర్ కాని గడ్డ విషయంలో మాత్రం మరింత జాగ్రత్త కావాలి. స్కాన్‌లో ఆ అనుమానం బలంగా ఉన్నప్పుడు పరీక్ష కోసమని ముక్క కోయకుండా, పై పొర చిరగకుండా గడ్డను మొత్తంగా తీయాలి. పొర చిరిగితే అది మళ్లీ పుట్టవచ్చు, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గానూ మారవచ్చు. పాథాలజీ విభాగంలో పనిచేసిన రోజుల్లో "కంటి గడ్డ" అన్న రెండు మాటలు తప్ప స్కాన్ వివరమేదీ లేకుండా ముక్కలు రావడం చూశాను. అలాంటప్పుడు ఎంత అనుభవం ఉన్నా నిర్ధారణ కష్టమే.

విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి, కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల ఉండగా, కంటి, రేడియాలజీ, న్యూరోసర్జరీ, పాథాలజీ వైద్యులు ఇలాంటి కేసులను కోతకు ముందే కలిసి చూసే ఏర్పాటును వైద్యవిద్య అధికారులు ఖాయం చేయాలి. పాడేరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే రోగులకు ఇక్కడే సమాధానం దొరకాలి. చికిత్సకు హైదరాబాద్, చెన్నై వెళ్లేవారు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ, గడ్డ ముక్కలను భద్రపరిచిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లాలని మనవి.

ఇట్లు,
విశ్రాంత పాథాలజీ అధ్యాపకుడు,
విశాఖపట్నం