ఆ పీరియడ్‌లో రెండో పెద్ద మనిషి ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

క్లాసులో ఓ విద్యార్థి కోపంతో రెచ్చిపోయాడని వార్త వస్తే చాలు, రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ఈ కాలం పిల్లలకు భయం లేదన్నది ఒకటి, ఈ కాలం టీచర్లకు ఓపిక లేదన్నది రెండోది. నేను లెక్కల టీచర్ని. భయం, ఓపిక రెండూ దండిగా ఉన్న క్లాసులో కూడా బెంచీని తన్నే పిల్లాడు ఉంటాడు. అప్పుడు నాకు అర్జెంటుగా కావలసింది ఇంకో పెద్ద మనిషి. వాడి దగ్గర నేనుంటే, బిక్కచచ్చి చూస్తున్న మిగతా పిల్లల దగ్గర ఎవరుండాలి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

మా ఎనిమిదో తరగతిలో ఓ అబ్బాయి ఉన్నాడు. గుణకారాలు నోటితోనే చేసేస్తాడు. అలాంటివాడు ఉన్నట్టుండి పుస్తకం విసిరేస్తాడు, పక్కవాణ్ణి తోసేస్తాడు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ‘పొగరు’ అని తేల్చేశారు. నేను ఓ నోటుబుక్కులో మూడు గళ్లు గీసి రాసుకోవడం మొదలుపెట్టాను. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత పెద్దవాళ్లం ఏం చేశాం. కొన్నాళ్లకు మొదటి గడి మీద నుంచి కిందికి వేలు పెట్టి చదివితే దాదాపు అన్నీ ఒకటే: ‘పైకి చదవమన్నాను’, ‘పైకి చదవమన్నారు’. తొట్టికి రెండు కుళాయిలుంటే ఎన్ని గంటల్లో నిండుతుందనే లెక్క వాడు చెయ్యగలడు. ఆ ప్రశ్న చదవలేడు. అక్షరాలు కూడబలుక్కునేసరికి ముందు బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ఇక మూడో గడి చూడండి. ప్రతిసారీ ‘బయటికి పంపాం’. అంటే పుస్తకం విసిరితే చదవక్కర్లేదని వాడికి మేమే నేర్పుతున్నామన్నమాట. పొగరు అని రాసుకుని ఊరుకుంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. ఇప్పుడు ప్రశ్న నేనే చదివి వినిపిస్తున్నాను, చదువులో ఇబ్బంది ఏమిటో పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పాం. గొడవలు తగ్గాయి. పూర్తిగా పోలేదు, పోయాయని చెబితే అబద్ధం.

కోపం ఒక్కసారిగా వచ్చి పడుతుందంటారు గానీ చాలాసార్లు చెప్పే వస్తుంది. వీడైతే రబ్బరుతో రాసింది తుడవడం మొదలుపెడతాడు. అక్షరం చెరిగిపోయాక కూడా, కాగితం చిరిగేదాకా రుద్దుతూనే ఉంటాడు. బెంచీ కింద మోకాలు ఆడుతూ ఉంటుంది. పని జరిగేది అప్పుడే. ఏమీ చూడనట్టే దగ్గరకు వెళ్లి, ‘ఈ నోటుబుక్కులు స్టాఫ్‌రూమ్‌లో పెట్టి రా నాన్నా’ అంటే సగం సార్లు గండం గడుస్తుంది. నలుగురిలో పరువు పోకుండా బయటికి నడిచే దారి అది.

అది దాటిపోయిందా, ఇక పాఠాలు, నీతులు అనవసరం. కోపంలో గుండె వేగం పెరుగుతుందని, నెత్తురు కండరాల వైపు మళ్లుతుందని, శరీరం పోట్లాటకో పరుగుకో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1915లోనే వివరంగా రాశాడు. పైగా ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అలాంటి పదమూడేళ్లవాణ్ణి ఆ ఊపులో పట్టుకుని ‘ఎందుకు చేశావు, చెప్పు’ అని నిలదీస్తే ఏం చెబుతాడు? నేనైతే ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, చెయ్యి చాపినా అందనంత దూరంలో నిలబడతాను. తలుపుకు అడ్డం రాను. గొంతు తగ్గించి రెండు ముక్కలే చెబుతాను: ‘ఇక్కడే కూర్చున్నా సరే, వరండాలో కూర్చున్నా సరే.’ వస్తువులు విసురుతుంటే వాడి చెయ్యి పట్టి ఈడవడం కన్నా మిగతా పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మేలు. దెబ్బలు తగలవు, పైగా వాడి ఎదుట ప్రేక్షకులు ఉండరు.

మన దగ్గర జరిగేది వేరు. వెంటనే హెడ్మాస్టరు గదికి తీసుకెళ్లడం, లేదంటే అందరి ముందూ సారీ చెప్పించడం. చెప్పనంటాడు, టీచరు గొంతు పెంచుతారు, వాడు ఇంకాస్త పెంచుతాడు, చివరికి ఎవరో ఒకరు విసిగి వదిలేస్తారు. గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త సరిగ్గా ఈ తంతునే కుటుంబాల్లో గమనించాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాట చెల్లుతుందని ఇద్దరికీ అలవాటైపోతుంది. ఇంట్లో జరిగేది క్లాసులో జరగదా?

ఇదంతా గారాబం అనేవాళ్లున్నారు. శిక్ష వద్దని నేననడం లేదు, అరగంట ఆగమంటున్నాను. చల్లబడ్డాక వాడి చేతే పడిన బెంచీ ఎత్తిస్తాను, చింపిన పక్కవాడి పుస్తకానికి అట్ట వేయిస్తాను. సారీ కూడా చెబుతాడు, అయితే దెబ్బ తగిలినవాడికి, ఇద్దరే ఉన్నప్పుడు. దెబ్బ తిన్న పిల్లాడి సంగతి మాత్రం చాలా స్కూళ్లలో ఎవరికీ పట్టదు. వాణ్ణి ముందు అడగాలి.

వీటన్నిటికీ డబ్బు కన్నా టైమ్‌టేబుల్ ముఖ్యం. ప్రతి పీరియడ్‌లోనూ ఖాళీగా ఉన్న టీచర్లలో ఒకరి పేరు ముందే రాసిపెట్టి, క్లాస్ లీడర్ వెళ్లి పిలిస్తే వాళ్లు వెంటనే వచ్చేలా చూడాలి. స్టాఫ్‌రూమ్ పక్కన ఓ కుర్చీ, మంచినీళ్లు, ప్రశ్నలు వెయ్యని ఓ మనిషి ఉంటే చాలు. కౌన్సెలర్ ఉంటే సంతోషం, రేపటికి మాత్రం ఇదైనా కావాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు ‘టీచర్ ఏమన్నారు, విద్యార్థి ఏం చేశాడు’ అన్నదాంతో ఆపకండి. పిలిస్తే రావడానికి ఆ పీరియడ్‌లో ఇంకెవరున్నారో ఆ స్కూలును అడిగి, వాళ్లు చెప్పిన జవాబు కూడా వెయ్యండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్